మచ్చలేని ఫోటోలు

"ఇందులో కూడా లేదు మామయ్యా!"

జహీదా ఆ ఫోటోను కిటికీ వెలుతురులో ఇంకోసారి చూసి, పక్కనున్న దొంతి మీద పెట్టింది. మంచం నిండా రెండేళ్ల అర్ఫా ఫోటోలే. పీరు మంచం అంచున కూర్చుని, నిద్రపోతున్న మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్కటే కోడలికి అందిస్తున్నాడు.

తారిక్ అప్పుడే ఆటోనగర్ నుంచి వచ్చాడు. చేతులకు లప్పం కూడా వదల్లేదు. పిల్ల ఎడమ కన్ను నాలుగు రోజులుగా పక్కకి లాగుతున్నట్టుందని పొద్దున జహీదా, పీరు కలిసి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. సాయంత్రంలోగా రంగేసి ఇవ్వాల్సిన వ్యాను ఒకటి ఉండబట్టి తారిక్ ఆగిపోయాడు. మధ్యాహ్నం తండ్రి ఫోన్ చేశాడు. "కంటి వెనక గడ్డ ఉందంటరా. రేపు పొద్దున్నే హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు."

"ఏం వెతుకుతున్నారు?" అన్నాడు.

"కాసేపు మాట్లాడకండి. ఇంకో పాతికే ఉన్నాయి," అంది జహీదా తల ఎత్తకుండా.

"డాక్టరమ్మ పాత ఫోటోలన్నీ చూసుకోమంది. ఎప్పుడు మొదలైందో తెలుస్తుందంట," అన్నాడు పీరు మెల్లగా.

తారిక్ గోడకి చేరగిలబడ్డాడు. ఆ ఫోటోల్లో ప్రతిదీ తన చేతి మీదుగా వచ్చిందే. అర్ఫా పుట్టిన నెలలోనే కెమెరా కొన్నాడు, సెకండ్ హ్యాండ్ కంప్యూటరు కొన్నాడు, దాని పక్కన ఫోటో ప్రింటరు పెట్టాడు. ప్రింటరు డబ్బాలో ఒక సీడీ వచ్చింది. అందులోని సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రోజు అతనికి కొత్త షెడ్డు తెరిచినంత సంబరమైంది. ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింటింగ్ పనికి తారిక్‌ది పెట్టింది పేరు. లారీ గుద్దిన కారైనా అతని షెడ్డు నుంచి పెళ్లికూతురై బయటికొస్తుందని అంటారు. దెబ్బ ఎక్కడ తగిలిందో ఓనరుకే దొరక్కూడదు, అదీ అతని పట్టుదల.

ఫోటోలకీ అదే పట్టుదల. గౌను మీద కారిన చొంగ, గోడ మీద పెచ్చులూడిన సున్నం, బుగ్గ మీద దోమ కుట్టిన దద్దు, ఏదీ ఉంచేవాడు కాదు. ఫ్లాష్‌కి కళ్లు ఎర్రబడితే దానికీ ఒక బటనుంది. నొక్కితే నల్లగా మారిపోతాయి. ఒక్కోసారి ఆ బటన్‌కి ఒక కన్నే దొరికేది. రెండోది తారిక్ ఓపిగ్గా చేత్తో సర్దేవాడు. దిద్దకముందువి సీడీల్లోకి ఎక్కించి బీరువా మీద పడేసేవాడు. వాటితో ఎవరికీ పని పడలేదు. జహీదా చేతికి అందేది నిగనిగలాడే ప్రింటే.

"కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, మన పిల్ల నిజంగానే చందమామండీ," అని మురిసిపోయేది ఆమె.

ఆఖరి ఫోటో చూసి దొంతి మీద పెట్టింది జహీదా. రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేసింది.

"ఏమైంది?" తారిక్ కంగారుగా దగ్గరికొచ్చాడు.

"ఏం కాలేదు. ఇప్పుడు ఊపిరాడుతోంది." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆస్పత్రిలో పక్కన కూర్చున్నావిడ ఏమందో తెలుసా? 'రోజూ చూసే తల్లివి, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా' అంది. పొద్దున్నుంచి ఆ మాట నన్ను కోసేస్తోందండీ. నిజంగానే నా కళ్ల ముందుండి కూడా నేను చూసుకోలేదేమో, నా బిడ్డ కన్ను నేనే పోగొట్టానేమో అని."

"ఎవరో ఏదో అంటే..."

"వినండి ముందు. ఫ్లాష్ పడితే మంచి కన్ను ఫోటోలో ఎర్రగా పడుతుందంట. జబ్బున్న కంట్లో తెల్లగా చుక్క మెరుస్తుందంట. అది ఏ నెల ఫోటోలో మొదలైందో చూడమంది డాక్టరమ్మ. తొందరగా పట్టుకుంటే కన్ను దక్కుతుందంట. నూటపన్నెండు ఫోటోలు చూశాను. ఒక్కదాంట్లోనూ లేదు. అంటే ఇప్పుడిప్పుడే వచ్చిందన్నమాట. నేను చూసుకోకపోవడం కాదు, అక్కడ లేదు!"

"అల్లా మన పక్కనున్నాడు తల్లీ," అన్నాడు పీరు. మనవరాలి నుదుటి మీద వెంట్రుకలు సర్దాడు.

జహీదా ఫోటోలన్నీ కుదురుగా సంచిలో సర్దింది. "రేపు పెద్ద డాక్టరుకి ఇవే చూపిస్తాను. మీరు ఇంత శ్రద్ధగా తీసి పెట్టబట్టే నాకు తెలిసింది. లేకపోతే బతికినన్నాళ్లూ నన్ను నేనే తిట్టుకునేదాన్ని."

తారిక్ స్టూలెక్కి బీరువా మీది సీడీల కట్ట దించాడు. కంప్యూటరు ఆన్ చేశాడు. ప్రింటరులో కాగితాలు పెట్టాడు.

"ఇప్పుడు ప్రింట్లెందుకు?" అంది జహీదా.

"రేపు డాక్టరుకి చూపించడానికి."

"ఇవున్నాయిగా. ఇంత బాగున్నవి వదిలేసి..."

తారిక్ ఆమె చేతిలోని సంచి తీసుకుని పక్కన పెట్టాడు. నిద్రలో కదిలిన కూతురి వైపు చూశాడు.

"ఆ తెల్ల చుక్కలన్నీ నేనే చెరిపేశాను, జహీదా."