అన్నయ్య లివర్ టానిక్కు

సారా ముట్టనని చర్చిలో ఒట్టేసిన మా అన్నయ్య ఎనాక్, లివర్ టానిక్కు మాత్రం సీసాలకు సీసాలు తాగేవాడు. అందులో సగం సారాయేనని మా ఊరు హాలిఫాక్స్‌లో అందరికీ తెలుసు, ఒక్క అన్నయ్యకు తప్ప.

అన్నయ్య పోయిన రోజు మేడమీద పడుకోబెట్టి, నోరు తెరుచుకోకుండా దవడకు గుడ్డ కట్టాం. చీకటిపడ్డాక వదినా నేనూ కింద వంటింట్లో కూర్చున్నాం.

“ఆ మిగిలిన టానిక్కు పారబొయ్యి వదినా.”

“ఊరుకో కెజయా. ప్రాణంలా చూసుకున్నారు మీ అన్నయ్య.”

పైన గ్లాసు మీద చెంచాతో కొట్టిన చప్పుడు. టానిక్కు కావాలంటే అన్నయ్య అలాగే పిలిచేవాడు. అలవాటుకొద్దీ వదిన సీసా కుదిపి, చెంచాలో పోసుకుని మెట్లెక్కింది.

చాలాసేపటికి దిగివచ్చింది. ఒక చేతిలో ఖాళీ చెంచా. రెండో చేతిలో దవడకు కట్టిన గుడ్డ.

“ఇంకో చెంచా అడుగుతున్నారు,” అంటూ మళ్లీ సీసా కుదిపింది.