జానెడు సందు

"అతను వస్తాడంటేనే నేను వస్తాను," అంది చెల్లెలు ఫోన్లో.

బస్సు డిపోలో డ్రైవర్లకు పాఠాలు చెప్పే మాస్టారు అవతల కాసేపు నసిగాడు. "రాక ఎక్కడికి పోతాడమ్మా? పైనుంచి ఆర్డరొచ్చింది," అన్నాడు చివరికి.

ఫోను పెట్టేసి ఆమె మళ్ళీ పిండి దగ్గరికి వెళ్ళింది. బేకరీలో రొట్టెల పిండి పిసకడం ఆమె పని. పుట్టుకతోనే చూపు లేదు. ఈ మధ్య పిండి మరీ మెత్తగా వస్తోందని యజమాని తెగ మెచ్చుకుంటున్నాడు. ఆమె పిసుకుతున్నది రాకెట్ మెడ అని పాపం ఆయనకేం తెలుసు!

రాకెట్ ఒక బస్సు డ్రైవరు. అతను తోలే తీరు చూసి డిపోవాళ్ళు పెట్టిన పేరది.

అక్కాచెల్లెళ్ళకు ఒక జంట సైకిలుండేది. ముందు సీట్లో అక్క. ఆమెకు చూపుంది కాబట్టి హ్యాండిల్ ఆమెది. వెనక సీట్లో చెల్లెలు. తొక్కడం ఇద్దరిదీ. రోజూ బేకరీకి దాని మీదే వెళ్ళేవాళ్ళు. ఒకరి మోచెయ్యి పట్టుకోకుండా, కర్రతో నేలను అడగకుండా, మొహాన గాలి కొట్టించుకుంటూ పోయే ఆ కాసేపే చెల్లెలికి పండగ. పల్లంలో దిగేటప్పుడు కేకలు పెట్టేది.

"మెల్లగా అరవ్వే, జనం గుమ్మాల్లోకి వచ్చేస్తున్నారు!" అని అక్క నవ్వేది.

ఒకరోజు వెనకనుంచి బస్సొచ్చింది. చెవి పక్కనే హారన్ మోగింది. చెల్లెలు ఉలిక్కిపడింది. సైకిలు ఊగింది. అవతల బోలెడు రోడ్డు ఖాళీగా ఉన్నా, బస్సు జానెడు సందు వదిలి దూసుకుపోయింది. దాని అద్దం అక్క భుజాన్ని కొట్టింది. ఇద్దరూ వెళ్ళి కాలవలో పడ్డారు.

అక్క ఎముక అతుక్కుంది. ధైర్యం అతుక్కోలేదు. సైకిలు గోడకు చేరింది.

విచారణలో రాకెట్ తడుముకోకుండా చెప్పాడు. "చూపులేనివాళ్ళకి సైకిలెందుకు సార్? ఇంట్లో రేడియో పెట్టుకుని కూర్చోవచ్చుగా?"

అందుకు పైవాళ్ళు వేసిన శిక్ష, మాస్టారి క్లాసులో ఒకరోజు కూర్చోవడం. ఆ క్లాసులో నాలుగు ముక్కలు చెప్పమనే చెల్లెలికి ఫోనొచ్చింది.

"పోనీలేవే. మనసులో పెట్టుకుంటే మంట మనకే," అంది అక్క.

"ఉండనీ అక్కా. మంట లేందే రొట్టె కాలదుగా."

డిపో ఆవరణలో డ్రైవర్లంతా వరసగా నిలబడ్డారు. చెల్లెలు గొంతు సవరించుకుంది.

"వెనక సీటు మనిషికి మీరు కనపడరు. ముందు సీటు మనిషి మిమ్మల్ని చూస్తే దారిని చూడలేదు. అందుకని దగ్గరకొచ్చి హారన్ కొట్టకండి. నిదానించండి. ఎదురుగా ఏమీ రావట్లేదని చూసుకున్నాకే దాటండి. దాటేటప్పుడు ఒక మనిషి పడుకునేంత చోటు వదలండి. పడితే మేం పడేది ఆ చోటులోనే."

"మనిషి పడుకునేంత చోటా? పరుపు కూడా వెయ్యమంటారా మేడమ్?"

అందరూ గొల్లుమన్నారు. విచారణలో విన్న రాకెట్ గొంతది. ఆమె కూడా నవ్వింది.

తర్వాత అసలు పాఠం. కదలకుండా బిగించిన సైకిలు మీద ఒక్కొక్కరూ కళ్ళకు గంతలు కట్టుకుని కూర్చోవాలి. పక్కనుంచి బస్సు వెళ్తుంది. కొత్తవాళ్ళకు నేర్పే పాత బస్సది. మాస్టారు కూర్చునే వైపు కూడా ఒక స్టీరింగూ ఒక బ్రేకూ ఉంటాయి. మనిషి పడుకునేంత దూరంలోంచి పోయినా డ్రైవర్లు ఒక్కొక్కరే బిక్కమొహాలతో దిగి, గంతలు విప్పి పక్కవాడికిచ్చారు.

చివరికి రాకెట్ మిగిలాడు.

చెల్లెలు మాస్టారిని పక్కకు పిలిచి చెవిలో ఏదో అడిగింది.

"అమ్మో! నా ఉద్యోగం ఊడుతుంది తల్లీ!"

"ఒక్కసారే మాస్టారూ. మా అక్క కోసం."

మాస్టారు రాకెట్ వైపు చూశాడు. వాడు ఈల వేసుకుంటూ సైకిలెక్కుతున్నాడు. చెప్పీ చెప్పీ ఆయన గొంతు అరిగిపోయింది వాడితోనే.

"సరే, ఒక్కసారే," అన్నాడు మాస్టారు.

గంతలు ఆమే కట్టింది. ముడి మీద ముడి వేసింది.

"ఎంత దూరంలోంచి పోతుందో చెప్పరా మేడమ్?" అన్నాడు రాకెట్ వెటకారంగా.

"మాకు ఎవరైనా చెప్తున్నారా?" అని, ఆమె మాస్టారి మోచెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

కాసేపటికి ఎందుకో నవ్వులన్నీ ఆగిపోయాయి. డ్రైవర్లు ఒకరినొకరు తోసుకుంటూ గోడ వైపు జరిగారు. రాకెట్ ఈల కూడా ఆగింది.

ఇంజను గుర్రుమంది. ఒక కుదుపు. ఒక రొద. మళ్ళీ కుదుపు. చెల్లెలు పళ్ళు బిగించింది. ఇన్నాళ్ళూ పిండి పిసికింది ఈ నిమిషం కోసమే.

చెవి పక్కనే హారన్ మోగింది. రాకెట్ గావుకేక పెట్టాడు. వేడిగాలి వాడి మోకాళ్ళను ఒరుసుకుంటూ పోయింది. జానెడు సందు కూడా లేదు. హ్యాండిల్‌ను కావలించుకుని, "ఆపండ్రా! అమ్మా! ఆపండ్రా!" అని ఏడ్చేశాడు.

బస్సు కీచుమని ఆగింది.

రాకెట్ గంతలు లాగి పారేశాడు. పడుతూ లేస్తూ బస్సు వెంట పరిగెత్తాడు.

"ఎవడ్రా అది? ఏ కళ్ళు లేని వెధవరా ఈ బస్సు తోలింది?"

డ్రైవరు తలుపు తెరుచుకుంది, మెట్టెక్కడుందో కాలితో తడుముకుంటూ చెల్లెలు కిందికి దిగింది.