బెనిడార్మ్ ట్రామ్

“ఇదేనా బెనిడార్మ్ వెళ్లేది?” ట్రామ్ తలుపు దగ్గర ఆగి అడిగింది సుభాషిణి.

“ఇదే వదినా. మీరెక్కి సీటు చూడండి,” అంది హిమజ. ట్రామ్ ముందున్న బోర్డు మీద మాత్రం వేరే ఊరి పేరుంది.

సుభాషిణి ఎక్కింది. హిమజ ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయింది. తలుపులు మూసుకుని ట్రామ్ కదిలింది.

పోయిన వేసవి సెలవుల్లో స్పెయిన్‌లోని ఇదే అలికాంటే స్టేషన్‌లో ఆడపడుచు సుభాషిణి హిమజను ఆటపట్టించడానికి ఒంటరిగా వదిలేసి వెళ్లిపోయింది. భాష రాక హిమజ ఏడ్చిన ఏడుపును, లండన్‌లో వాళ్లుండే హారోకు తిరిగొచ్చాక ప్రతి పుట్టినరోజు పార్టీలోనూ సుభాషిణి నటించి చూపించింది. అందరూ పడిపడి నవ్వారు. ఆ చలికాలమంతా హిమజ పట్టుబట్టి స్పానిష్ నేర్చుకుంది.

ఫోన్ మోగింది. ‘ఇప్పుడెలా ఉంది వదినా?’ అని అడగడానికి ఏడాదిగా కాచుకుని ఉంది హిమజ.

“హిమజా!” సుభాషిణి కంగారుగా అరిచింది. “ఈసారి కావాలని వదిలెయ్యలేదే, ఒట్టు! తలుపులు మూసుకుపోయాయి. ఏడవకు. అక్కడే ఉండు, ఎక్కడో అక్కడ దిగి నీ దగ్గరికొచ్చేస్తా.”

హిమజ తర్వాతి ట్రామ్ ఎన్నింటికో చూసింది.

“నేను కావాలనే వదిలేశాను వదినా,” అంది. “తర్వాతి స్టాప్‌లో దిగి అక్కడే నిలబడండి. నేనే వస్తున్నా.”