మట్టల రాయి

బావిలో ఇరవై అడుగుల లోతున గడ్డపార దెబ్బకు రాయి పలకలుగా విడిపోయింది.

పలక మీద ఆకు అచ్చు. ఈనెలతో సహా అచ్చం ఈతమట్ట.

ఆదెమ్మ గుండె ఝల్లుమంది. చర్చికి ఈతమట్టలు పట్టుకెళ్లే మట్టల ఆదివారం వెళ్లి మూడురోజులే అయింది మరి! తన ఎకరం మిరపచేనుకు దేవుడు నీళ్లు రాసిపెట్టాడనుకుంది. ఊరూ అదే మాట అంది. పలకను చర్చి గోడలో పెట్టారు.

మర్నాడు సీటుకు ఎర్రగుడ్డ చుట్టిన సైకిలు మీద ఒక ముసలాయన వచ్చాడు. గట్టున కూర్చుని పలకలన్నీ తిప్పి తిప్పి చూశాడు.

"ఇంక తవ్వించకమ్మా. పూడ్చెయ్యి" అన్నాడు.

ఏమిటయ్యా నీ గోల అంటే చెప్పాడు. మనిషి పుట్టకముందు ఇక్కడొక అడవి ఉండేదట. పువ్వంటే ఎరగని అడవి. చూసే మనిషి లేకుండానే పెరిగి నేలంతా కమ్ముకుందట. ఆ తర్వాత సముద్రం పైకొచ్చి దాన్ని మింగేసింది. ఆ ఉప్పు ఇంకా కిందే ఉందట. చేను పైకొసన ఎర్రమట్టిలో తవ్వుకోమన్నాడు.

"ఇది దీవెన కాదు తల్లీ. చచ్చిపోయిన అడవి."

ఆదెమ్మకు ఒళ్లు మండింది.

"దేవుడి భయం లేనోడివి. మా గట్టు దిగు" అంది.

ఆయన తల వంచుకుని వెళ్లాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. పలకలు ఎత్తుకుపోవడానికి వేషాలని బావి తవ్వే బాపయ్య తరిమేశాడు.

నీళ్లు పడ్డాయి. కాస్త ఉప్పన. తోడేకొద్దీ తియ్యబడతాయిలే అనుకుని చలికాలమంతా మిరపకు అవే పెట్టారు.

క్రిస్మస్ నాటికి ఆకుల అంచులు మాడాయి. సంక్రాంతి దాటేసరికి చేనంతా ఎండుకట్టెలు, మట్టి మీద తెల్లటి పొర. గాలికి ఆ కట్టెలు గలగలమంటుంటే ఆ పాత అడవే మళ్లీ చచ్చినట్టు అనిపించేది ఆదెమ్మకు.

ఇక చేసేదేముంది? అద్దంకి వైపు కాయకోతలకు కూలికి బయలుదేరింది. దారిలో ఒక ఊరి చేలన్నీ తెల్లగా బీడు. చర్చి దగ్గర దాహం అడిగితే దేవకుమారి అనే ఆవిడ, మైలు దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్లని చెప్పి చెంబుతో ఇచ్చింది.

తాగుతూ చూస్తే, చర్చి గోడలో మట్ట రాయి. దాని కిందే ఎర్రగుడ్డ సీటు సైకిలు.

"ఈ సైకిలాయన ఏడమ్మా?"

"పోయిన నెల చనిపోయారు. ఎక్కడ బావి తవ్వుతున్నారన్నా పరిగెత్తేవారు. ఒక్కరూ వినలేదంట."

ఆదెమ్మ చెంబు కింద పెట్టింది. ఆ రాయి ఎవరు పెట్టారని అడిగింది.

"ఆయనే. ముప్పై ఏళ్లు మా పాస్టరయ్యగారు. ఆ రాయి దీవెనని ప్రార్థన చేసి, మా ఊరి బావులన్నీ తవ్వించింది ఆయనేనమ్మా."