అక్క ఇచ్చిన బౌలర్

తమ్ముడు తరుణ్ పోయి ఏడాదైనా, ఫాంటసీ క్రికెట్ లీగ్‌లో అతని జట్టును అతని గొంతూ ఆటతీరూ నేర్చుకున్న ఏఐ చాట్‌బాట్ నడుపుతూనే ఉంది. ఈ రోజుల్లో పోయినవాళ్లందరికీ అంతే. కాకపోతే సీజన్ చివర అట్టడుగున ఉన్న జట్టును బాట్‌తో సహా తీసేస్తారు. తరుణ్ జట్టే అట్టడుగున ఉంది. ట్రేడ్‌లకు, అంటే ఆటగాళ్లను మార్చుకోవడానికి, ఇంకా పది నిమిషాలే గడువు.

మూడేళ్లుగా అట్టిపెట్టుకున్న బౌలర్‌ని ఇస్తానని, బదులుగా ఒక పనికిరాని వికెట్‌కీపర్‌ని అడిగింది అక్క లాస్య.

"ఎవరికక్కా టోపీ? వాడికి మోకాలు పోయుంటుంది," అంది తరుణ్ గొంతు.

"ఒట్టురా. తీసుకోకపోతే నిన్ను తీసేస్తారు!"

"ఓహో, ఈసారి బెదిరింపా? కొత్తగా ఉందే!"

పదేళ్లు ఇలాంటి ఒట్లతోనే వాణ్ణి ఓడించింది. బాట్ నేర్చుకున్నది ఆ పదేళ్ల నుంచే.

"ఒక్కసారి నమ్మరా," అని బతిమాలింది.

"వచ్చే ఏడాది చూద్దాంలే."

తరుణ్ నవ్వు వినిపించింది. గడువు ముగిసి ట్రేడ్ రద్దయింది.