నిద్ర పరీక్ష

"బాబుని ఇంటికి పంపించేస్తాం తల్లీ" అన్నాడు పెద్ద డాక్టరు, మాస్కు గడ్డం కిందికి లాక్కుని.

ఆ మాట కోసం ఆ వార్డులో తల్లులంతా వెయ్యి కళ్ళతో ఎదురుచూస్తారు. ఈ తల్లికి మాత్రం కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

పిల్లాడు నెలలు నిండకుండానే పుట్టాడు. అరచేతిలో ఇమిడిపోయేంత ప్రాణి. పుట్టగానే గాజుపెట్టెలో పెట్టి, ముక్కుకి గొట్టాలు తగిలించారు. ఆ గొట్టాల్లోంచి వచ్చే గాలే ఇన్నాళ్ళూ వాడి ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడింది. మొన్నామధ్యే అవి తీసేశారు. మెలకువగా ఉన్నంతసేపూ ఊపిరి బాగానే తీస్తున్నాడు. నిద్రలోకి జారాడా, ఒక్కోసారి ఆ సంగతే మరిచిపోతాడు. పొట్ట కదలడం ఆగిపోతుంది. పెదవులు నీలానికి తిరుగుతాయి. అరికాలి మీద తడితే, ఏదో గుర్తొచ్చినవాడిలా ఉలిక్కిపడి మళ్ళీ మొదలుపెడతాడు.

అలా ఎన్నిసార్లు తట్టి లేపిందో ఆమెకే లెక్క లేదు. కళ్ళు గుంటలు పడ్డాయి. నర్సులు వచ్చి భుజం పట్టి కుదిపితే గానీ పిల్లాడి మీంచి చూపు తిప్పేది కాదు.

"ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంచండి సార్."

"ఉంచినకొద్దీ లేనిపోని జబ్బులు అంటుకుంటాయమ్మా. కాస్త పెరిగితే ఆ మరుపు దానంతటదే పోతుంది. అందాకా ఓ చిన్న మెషిన్ ఇస్తాం. వాడి పొట్టకి కట్టాలి. ఊపిరి ఆగితే మోగుతుంది. వెంటనే లేచి తట్టే మనిషి ఒకరుండాలి, అంతే. ఇంట్లో ఎవరుంటారు?"

"నేనొక్కదాన్నే."

భర్త సరుకుల ఓడలో వంటవాడు. నడిసముద్రంలో ఉన్నాడు, ఇప్పట్లో రాడు. డాక్టరు ఆమె పక్కనే నిలబడ్డ అత్తగారి వంక చూశాడు.

"నేనుండిపోదామంటే అక్కడ మా ఆయన మంచాన పడి ఉన్నారు. ఒకరు తిప్పితే గానీ పక్కకి ఒత్తిగిలలేరు" అంది అత్తగారు. "పిల్లాణ్ణి నేనే తీసుకుపోతానండీ. దీని సంగతి మీకూ తెలుసుగా. నిద్రపోయిందంటే పక్కన పిడుగు పడ్డా లేవదు."

ఆ మాటలో వెటకారం లేదు. కోడలికి అదే మరీ గుచ్చుకుంది. అత్తగారి ఊరికి పొద్దుట రైలెక్కితే చీకటి పడ్డాక దిగాలి.

"మరి పాలో అత్తయ్యా?"

"డబ్బాపాలు పడతాలే. నీ మొగుణ్ణీ అలాగే పెంచాను. ఏం, ఏనుగులా లేడూ?"

"నేను పడుకోను. వాడు పెరిగేదాకా కన్ను మూయను. ఒట్టు."

"పిచ్చిదానా! నిద్ర లేకుండా బతకడానికి నువ్వేమన్నా దెయ్యానివా?"

ఆమె డాక్టరు వైపు తిరిగి చేతులు జోడించింది. "వాణ్ణి నా దగ్గర్నుంచి తీసేయకండి సార్. లేస్తాను. ఎలాగైనా లేస్తాను."

డాక్టరు ఆమెకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తర్వాత ఒక్కో మాటా విడమరిచి చెప్పాడు.

"మేలుకుని కాపలా కాస్తానంటే నేనొప్పుకోను. అలాంటి మనిషి ఏదో ఒకరోజు కూలబడుతుంది. పిల్లాడు దక్కనిది ఆ రోజే. నాకు కావాల్సింది పడుకుని లేచే మనిషి. ఈ మధ్యాహ్నం పక్కగదిలో పడుకో. పక్కనే తొట్టిలో వాడుంటాడు. మెషిన్ కడతాం. తలుపు బయట నర్సుని కూర్చోబెడతా. వాడు మరిచిపోయినప్పుడు నర్సు కంటే ముందు నువ్వు లేస్తే, బిడ్డ నీతో వస్తాడు. లేవకపోతే మీ అత్తగారితో వెళ్తాడు."

పరీక్షలో నిద్రపోయినవాళ్ళు చాలామందే ఉంటారు. నిద్రే పరీక్ష అయింది మాత్రం ఆమెకే.

గదిలో ఒక మంచం, ఒక తొట్టి. మంచాన్ని తొట్టికి ఆనించి లాక్కుంది. కమ్మీల సందులోంచి చెయ్యి దూర్చి, వాడి పొట్ట మీద బరువు పడకుండా అరచెయ్యి ఆనించింది. కళ్ళు మూసుకుంది.

నిద్ర రాలేదు. ఇన్నాళ్ళూ తరిమి తరిమి కొట్టిన నిద్ర, ఇప్పుడు రమ్మంటే వస్తుందా? పడుకోకపోతే బిడ్డని ఇవ్వరు. పడుకుంటే బిడ్డే ఉండడేమో. రమ్మని నిద్రని బతిమాలుకుంది. వచ్చేలా ఉంటే భయపడి వెనక్కి నెట్టింది. అరచేతి కింద పొట్ట లేస్తోంది, దిగుతోంది. లేస్తోంది, దిగుతోంది. ఎప్పుడు జారిపోయిందో ఆమెకి తెలియదు.

కలలో భర్త ఓడ. అలల మీద లేస్తోంది, దిగుతోంది. ఉన్నట్టుండి సముద్రం ఆగిపోయింది. చుట్టూ నీళ్ళు గాజుపలకలా బిగుసుకుపోయాయి.

దిగ్గున లేచింది.

పొట్ట కదలడం లేదు. అరికాలు తట్టింది. చలనం లేదు. మళ్ళీ తట్టింది. పెదవుల మీద నీలం కమ్ముకొస్తోంది.

"పీల్చరా నాన్నా... గాలి పీల్చరా!"

వీపు కింద చెయ్యి పెట్టి రుద్దింది. ఈసారి అరికాలి మీద గట్టిగా కొట్టింది. చిన్న కాలు ఎగిరి తన్నింది. పొట్ట ఒక్కసారిగా పైకి లేచింది.

ఆమె తలెత్తేసరికి గుమ్మంలో నర్సు, వెనకే అత్తగారు. ఇద్దరి కళ్ళూ తొట్టి మీదే.

నర్సు దగ్గరకొచ్చి, ఆమె గడ్డం పట్టి మొహం తనవైపు తిప్పుకుంది. "మెషిన్ మోగగానే తలుపు తోసుకుని వచ్చాను. అప్పటికే నీ చెయ్యి వాడి కాలి మీదుంది తల్లీ. వాడు నీతోనే వస్తాడు."

అత్తగారు ప్రయాణానికని తన సంచిలో సర్దుకున్న పిల్లాడి గుడ్డలు ఒక్కొక్కటే తీసి కోడలి మంచం మీద పెట్టింది.

పిల్లాడు గుండెల నిండా గాలి పీల్చుకుని పెట్టిన ఏడుపుకి వార్డులో పసివాళ్ళంతా ఉలిక్కిపడి లేచారు గానీ, చిన్ననాడే జ్వరానికి రెండు చెవులూ పోయి, పెదవులు చూసే మాటలు పోల్చుకునే ఆ తల్లి మాత్రం తెరుచుకున్న వాడి నోరు చూసి, ఏడుస్తున్నాడని తెలుసుకుని నవ్వింది.