లూలూ ఆకలి

లూలూకి పాస్‌పోర్టు ఉందంటే రాజోలులో ఎవరూ నమ్మలేదు.

ఉంది. నీలం అట్టతో, ఫొటోతో సహా. మెడ వెనక చర్మంలో బియ్యపుగింజంత చిప్పు ఉంది. రేబిస్ టీకా వేయించినట్టు, రక్తపరీక్ష చేయించినట్టు ఒక కట్ట కాగితాలున్నాయి. దోహాలో విమానం ఎక్కి, హైదరాబాద్‌లో దిగి, అక్కడినుంచి బస్సులో సాయిదుర్గ ఒళ్ళో బుట్టలో కూర్చుని వచ్చింది ఆ తెల్ల బొచ్చుపిల్లి.

"ఏడేళ్ళు చాకిరీ చేసి పిల్లిని తెచ్చేవా అక్కా?" అన్నాడు తమ్ముడు దుర్గాశ్రీనివాస్. "నువ్వు బయల్దేరిన రోజున, ఎదురొస్తుందని పక్కింటోళ్ళ పిల్లిని గంప కింద మూసి ఉంచేం. ఇప్పుడు నువ్వే చంకనేసుకొచ్చేవు."

సాయిదుర్గ నవ్వలేదు. నవ్వే ఓపిక లేదు.

దోహాలో ఒక ఇంట్లో వంటా, ఇంటిపనీ ఆమెవే. అందరికంటే ముందు, నాలుగింటికే లేచేది. ఆమె పాస్‌పోర్టు మేడం లాకరులో ఉండేది. ఊళ్ళో తన భర్త పోయినప్పుడు కూడా అది బయటికి రాలేదు. నాలుగేళ్ళ కూతురు శరణ్యని తమ్ముడి దగ్గర వదిలి వెళ్ళింది. ఇప్పుడు ఆ పిల్లకి పదకొండు.

మొన్న వేసవిలో మేడం వాళ్ళు కెనడా వెళ్ళిపోవడానికి సిద్ధమయ్యారు. లూలూ తమతో వస్తుందన్నారు. సాయిదుర్గని దోహాలోనే, మేడం చెల్లెలి ఇంటికి పంపేస్తామన్నారు.

సరిగ్గా ఆ వారంలోనే లూలూ తిండి మానేసింది. మేడం గిన్నె పెడితే వాసన చూసి మొహం తిప్పుకునేది. పిల్లలు నోటి దగ్గర పెట్టినా అంతే. సాయంత్రం సాయిదుర్గ చేత్తో పెడితే మాత్రం తినేది.

డాక్టరు చూసి రోగమేమీ లేదన్నాడు. ఈవిడ మీద బెంగ పెట్టుకుందనీ, విడదీస్తే అంత దూరం ప్రాణాలతో చేరదనీ చెప్పాడు. మేడం రెండు రోజులు ఏడ్చింది. మూడోరోజు లాకరు తీసింది.

"లూలూని తీసుకుని మీ ఊరు వెళ్ళు. మీవాళ్ళ చేతి తిండికి అలవాటు పడగానే దాన్ని అక్కడే వదిలి, మా చెల్లెలి దగ్గరికి వచ్చెయ్యి."

ఆ ఏర్పాటు తమ్ముడికి నచ్చింది. సాయిదుర్గకి మళ్ళీ వెళ్ళాలని లేదు. ఆ మాట పైకి అనలేదు. కూతురు ఆమెని 'మీరు' అంటోంది. "నీళ్ళు తోడేనండి, స్నానం చెయ్యండి" అని గుమ్మం దగ్గరే నిలబడి చెప్పి వెళ్ళిపోతోంది. ఆ పిల్ల దగ్గరికొచ్చి 'నువ్వు' అనేదాకా అయినా ఉండాలని ఆమె కోరిక.

రోజూ పొద్దున తొమ్మిదింటికి తమ్ముడి భార్య లక్ష్మీతులసి పళ్ళెంలో చేపముక్క పెట్టి పిలిచేది. లూలూ వచ్చేది. వాసన చూసేది. మూతి నాక్కుంటూ వెళ్ళి గడప మీద పడుకునేది.

"మా గోదారి చేప ఆనదండి మహారాణీగారికి" అనేది తులసి. "పోనీ మీరైనా తినండి వదినగారూ. రాత్రి వడ్డించిన ముక్కలు మళ్ళీ పక్కన పెట్టేసుకున్నారు."

"తర్వాత తింటాలే తులసీ."

"ఆయ్, రోజూ అదే మాట. ఎంత చిక్కిపోయేరో అద్దంలో చూసుకున్నారా? పైగా తెల్లారగట్టే లేచి కూర్చుంటారు. ఇక్కడెవరండి మిమ్మల్ని తరిమేది?"

"అలవాటైపోయింది."

కళ్ళకింద నలుపు తేలింది. కూర్చున్నచోటే కునుకు పట్టేసేది.

వచ్చిన మూడో శుక్రవారం ఎన్నడూ లేనిది, ఆమెకి ఎండ మొహాన పడ్డాక మెలకువ వచ్చింది. ఉలిక్కిపడి వెనక వసారాలోకి పరుగెత్తింది. అప్పటికే తులసి అక్కడ అంట్లు తోముతోంది. లూలూ తులసి పక్కనే కూర్చుని ఉంది.

"జ్వరమాండి వదినగారూ? అలా ఉన్నారేంటి?"

"ఏం లేదు" అంది సాయిదుర్గ. గోడ పట్టుకుని లోపలికి వచ్చేసింది.

శుక్రవారం తొమ్మిదింటికి మేడం వీడియోకాల్ చేస్తుంది. కెనడాలో అప్పటికి రాత్రి. ఫోన్ మోగగానే తమ్ముడు మేనకోడల్ని పిలిచాడు.

"ఇయ్యాల నువ్వు పెట్టవే. పిల్లలంటే మచ్చికవుద్దేమో. అది తిందంటే మీయమ్మ టిక్కెట్టు వచ్చేసినట్టే."

శరణ్య పళ్ళెం అందుకుంది. సాయిదుర్గ వద్దనబోయి ఊరుకుంది. గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

శరణ్య ముక్క తుంచి లూలూ మూతి దగ్గర పెట్టింది. లూలూ వాసన చూసింది. సాయిదుర్గ కళ్ళు మూసుకుంది.

"దీని దుంప తెగ" అన్న తమ్ముడి మాట వినిపించి కళ్ళు తెరిచింది. లూలూ మూతి నాక్కుంటూ గడప వైపు నడుస్తోంది.

ఫోన్‌లో మేడం నిట్టూర్చింది. "పాపం, ఇంకా నీ మీదే ఉంది దాని ప్రాణం. ఇప్పుడే వదిలి రావద్దు దుర్గా. కొన్నాళ్ళు అక్కడే ఉండు."

తమ్ముడు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తులసి పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది.

సాయిదుర్గ అక్కడే చతికిలబడింది. లూలూ వైపు అర్థంకానట్టు చూసింది.

శరణ్య వచ్చి పక్కన కూర్చుంది. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా. ఇంట్లోకి ఒకసారి చూసి, చెవి దగ్గరికి వంగి గుసగుసగా అంది:

"నువ్వు లేవలేదని, రోజూ తెల్లారగట్ట నువ్వు దానికి చాటుగా పెట్టే ముక్కలు ఇవాళ నేనే కడుపునిండా పెట్టేశానమ్మా."